కోర్సు పేరు చూసి పొలం తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి ఈఏపీసెట్‌లో ర్యాంకు బాగా దూరంగా వచ్చింది. చెత్త నుంచి, గడ్డి నుంచి గ్యాస్ తీసే ప్లాంట్లు వందల్లో వస్తున్నాయట. ఒక కాలేజీవాళ్లు రెన్యూవబుల్ ఎనర్జీ బీటెక్‌లో మేనేజ్‌మెంట్ సీటు ఇస్తామంటున్నారు. ఎకరం తాకట్టు పెట్టి చేర్పించమంటారా, మామూలు మెకానికల్ మేలంటారా?

జవాబు: అయ్యా, ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, కోర్సు పేరే మారుతుంది. మీ టెన్షన్ గ్యాస్ గురించి కాదు. ర్యాంకుతో పాటు పిల్లవాడి బతుకూ పోయిందేమోనని. పోలేదు, ధైర్యంగా ఉండండి.

ప్లాంట్లు వస్తున్న మాట నిజమే. 2025 ఏప్రిల్‌లో కనిగిరి ప్రాంతంలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. చెత్త కాల్చి కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటు మీ పక్కన గుంటూరులోనే ఉంది. కానీ శంకుస్థాపనలు చూసి సీటు కొంటారా? కేంద్రం 2018లో ‘సతత్’ పథకం పెట్టి 5,000 బయోగ్యాస్ ప్లాంట్లన్నది. నడుస్తున్నవి అందులో చాలా కొద్ది. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1987లో కట్టిన చెత్త ప్లాంటయితే కొద్ది రోజులకే మూతపడింది. మన చెత్తలో తడి, మట్టి ఎక్కువ, మంట నిలవదు.

గ్యాస్ ప్లాంటు సంగతి వేరు. అందులో డైజెస్టర్, అంటే చెత్తను కుళ్లబెట్టి గ్యాస్ తీసే ట్యాంకు, గేదె పొట్టలాంటిది. ఒక్కసారే కూరగాయల తుక్కు కుమ్మరిస్తే పులిసిపోతుంది, మీథేన్ ఇచ్చే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, గ్యాస్ పడిపోతుంది. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో ఐఐసీటీ అనే కేంద్ర రసాయన పరిశోధన సంస్థ పరిజ్ఞానంతో రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి గ్యాస్ తీసి, దాంతో సుమారు 500 యూనిట్ల కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. అలాంటిచోట కావలసింది కంప్రెసర్ మొరాయిస్తే విప్పి చూడగలవాడు, గ్యాస్‌లో సల్ఫర్ ఎందుకు పెరిగిందో చెప్పగలవాడు. అంటే మెకానికల్, కెమికల్ చదివినవాళ్లు. ఆ ప్లాంట్లు రాకపోయినా వాళ్లకు వేరే ఫ్యాక్టరీలుంటాయి. మీరు చెప్పిన డిగ్రీకి అంత వెసులుబాటు లేదు.

ఇంకోమాట, గడ్డి ప్లాంటుకు యంత్రం కంటే గడ్డే కష్టం. కోత మిషన్ వెళ్లిన కొద్ది రోజుల్లోనే కట్టలు కట్టించి, వానకు తడవకుండా నెలల తరబడి నిల్వ చేయాలి. అది మీవాడికి చిన్నప్పటి నుంచీ తెలిసిన పనే కదా.

కోపగించుకోకండి, ఇంత ఉత్తరంలో అబ్బాయికి ఏమిష్టమో ఒక్క ముక్క రాయలేదు మీరు. అప్పు చేసి చేర్పిస్తారు, ఉద్యోగం ఆలస్యమైతే ఆ ఎకరం పేరు చెప్పి రోజూ దెప్పుతారు. కన్వీనర్ కోటాలో మెకానికల్ ఎక్కడొస్తే అక్కడ చేర్చండి. ఆప్షన్లు పెట్టేలోపు అనుమతి తీసుకుని వాణ్ణి ఒక ప్లాంటుకు తీసుకెళ్లండి. ఎండవేళ వెళితే వాసన కూడా తెలుస్తుంది.