టెక్ సందేహాలు: వంద శాతం అయ్యాక మళ్లీ సున్నా ఏంటి?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ పెడితే 3/7 అని, పక్కనే 100% అని చూపించి, కాసేపటికి 4/7, 0% అంటోంది. పాడైందేమోనని రెండుసార్లు క్యాన్సిల్ చేశాను. పైగా మాది 100 ఎంబీపీఎస్ కనెక్షన్, స్పీడు చూస్తే 11 ఎంబీ దాటట్లేదు. నెట్‌వాళ్లు మోసం చేస్తున్నారా?
(ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

అయ్యో, క్యాన్సిల్ ఎందుకు చేశారండీ! శుభ్రంగా దిగుతోంది. 3/7 అంటే ఏడు ఫైళ్లలో మూడోది, ఆ 100% ఒక్క ఆ మూడో ఫైలుకే. మీ బ్రాడీపేటలో 4/14 అని అడ్రసు రాస్తే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని మీకు తెలుసు, కొత్తగా వచ్చినవాడు పద్నాలుగు ఇళ్లలో నాలుగోది అనుకుంటే సాయంత్రం దాకా తిరగాల్సిందే. ఇక్కడా అంతే, ఆ అంకె దేని లెక్కో పక్కన రాయలేదు. 'ఫైలు 3, మొత్తం 7' అని రాసి, కింద మొత్తానికి ఇంకో గీత పెడితే సరిపోయేది, బద్ధకం. ఇంకో తిరకాసు, 3/7 అంటే దాదాపు సగం అయిందనుకోకండి, ఆరు ఫైళ్లు ఐదేసి ఎంబీలు ఉండి ఏడోది 2 జీబీ ఉండొచ్చు.

99 దగ్గర ఆగిపోయినా కంగారొద్దు. డేటా అంతా వచ్చేశాక ఫైలు సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవడం, విప్పి డిస్కులో రాయడం, యాంటీవైరస్ తనిఖీ, ఇవన్నీ ఆ చివరి ఒక్క శాతంలోనే ఇరికిస్తారు. మిగిలిన టైమంటారా, అది ఇప్పటి స్పీడు చూసి వేసే లెక్క. పక్క గదిలో పిల్లలు వీడియో పెట్టగానే 2 నిమిషాలు కాస్తా 20 అవుతుంది. సర్వర్ మొత్తం సైజు ముందే చెప్పకపోతే శాతమే కనపడదు, ఓ గుర్తు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

స్పీడు సంగతి: నెట్‌వాళ్లు అమ్మేది మెగాబిట్లలో, బ్రౌజర్ చూపించేది మెగాబైట్లలో. 8 బిట్లు ఒక బైటు, కాబట్టి 100ని 8తో భాగిస్తే 12.5. ఇంగ్లిష్‌లో చిన్న 'బి' అయితే బిట్, పెద్ద 'బి' అయితే బైట్, కళ్లజోడు పెట్టుకుని చూడాల్సిన తేడా. డేటాతో పాటు మోయాల్సిన అడ్రసులూ అవీ, అంటే దారి ఖర్చులు పోను 11 వస్తోందంటే పాపం వాళ్ల తప్పేం లేదు.

ఈసారి అనుమానం వస్తే క్యాన్సిల్ జోలికి పోకుండా విండోస్‌లో ఏ పని ఎంత నడుస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో వైఫై, డిస్క్ గీతలు చూడండి. రెండింట్లో ఏది ఎగురుతున్నా పని జరుగుతున్నట్టే, టీ తాగి రండి.