మోస్తార్ పాత వంతెనను మళ్లీ కట్టినప్పుడు నదిలోంచి తీసిన రాళ్లు ఎందుకు వాడలేదు?

చాలావరకు పనికిరాక. బోస్నియాలోని ఈ వంతెన 1566లో ఒట్టోమన్ల కాలంలో పూర్తయింది. 1993 నవంబరు 9న ఫిరంగి దాడికి కూలి నెరెత్వా నదిలో పడింది. కొన్ని రాళ్లను గజ ఈతగాళ్లు బయటికి తీశారు. కానీ కమానులో రాయి నిరంతరం ఒత్తిడి మోయాలి. దెబ్బతిని లోపల పగుళ్లిచ్చిన రాయి పైకి బాగానే కనిపించినా ఆ బరువుకు చీలిపోవచ్చు. అందుకే స్థానికంగా దొరికే తెనెలియా సున్నపురాయినే కొత్తగా తవ్వి తెచ్చారు.

అసలు కష్టం రాళ్లను కలపడంలో ఉంది. పక్కపక్క రాళ్లకు గాడి తొలిచి, ఇనుప కొక్కెం దించి, చుట్టూ కరిగిన సీసం పోస్తారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, ఇనుముకు గాలీ నీరూ తగలనివ్వదు. ఆ కవచం లేకపోతే ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, రాయి అంచు పెచ్చులూడుతుంది. (ఇలాంటి చోట సిమెంటు నింపి చేతులు దులుపుకోవడం నా దృష్టిలో చవకబారు పని.) గాడిలో చుక్క తడి ఉన్నా అది ఒక్కసారిగా ఆవిరై సీసం ఎగజిమ్ముతుంది, కాబట్టి ముందు బాగా ఆరబెట్టాలి.

సుమారు 29 మీటర్ల కమాను మొత్తాన్నీ సెంట్రింగ్ మీద పేర్చి, శిఖరపు రాయి కూర్చున్నాకే కింది ఆధారాన్ని కొద్దికొద్దిగా దించాలి. ఒక పక్కే ముందు వదిలితే కమాను వంకర తిరుగుతుంది. వంతెన 2004 జులైలో తెరుచుకుంది, మరుసటి ఏడాది యునెస్కో జాబితాకెక్కింది.