రేసింగ్‌లో నా హీరో జాకీ స్టీవర్ట్, కారణం ఒక స్పేనర్

"మోటార్ రేసింగ్ చరిత్రలో అందరూ మెచ్చే హీరో ఎవరు? సెన్నానా, షూమాకరా, రోసీనా?" అని తిరుపతి తమ్ముడొకరు అడిగినారు.

ఫార్ములా వన్ కార్ల రేసుల్లో షూమాకర్‌వి 7 ప్రపంచ టైటిళ్లు. మోటార్‌సైకిళ్ల రోసీవి అన్ని క్లాసులూ కలిపి 9. సెన్నావి మూడే అయినా, వానలో రేసు అంటే ఇప్పటికీ ముందు ఆయన పేరే వస్తుంది. నన్నడిగితే మాత్రం మొదటి పేరు స్కాట్లాండ్ ఫార్ములా వన్ డ్రైవర్ జాకీ స్టీవర్ట్‌ది. ఆయనకూ 1969, 1971, 1973లో టైటిళ్లు వచ్చాయి, 99 రేసుల్లో 27 గెలిచాడు. అవన్నీ అటుంచండి. 1966లో స్పేనర్ దొరక్క 25 నిమిషాలు పెట్రోల్లో నానిన మనిషి, ఆ తర్వాత ఏం చేశాడన్నదే నాకు ముఖ్యం.

బెల్జియంలోని స్పా సర్క్యూట్ అప్పట్లో ఊళ్ల మధ్య మామూలు రోడ్డు. ఒక చుట్టు 14 కిలోమీటర్లు. మన పుత్తూరు రోడ్డు మూసేసి, స్తంభాలూ ఇళ్ల గోడలూ ఎక్కడివక్కడే ఉంచి రేసు పెడితే ఎట్లుంటుందో అట్లా అన్నమాట. జూన్ 12న రేసు మొదలైన చోట నేల పొడిగా ఉంది, అవతలి కొసన కుండపోత. మొదటి చుట్టులోనే సగం కార్లు జారిపోయాయి. మాస్టా అనే వంపు దగ్గర గంటకు 265 కిలోమీటర్ల దరిదాపు వేగంలో స్టీవర్ట్ నడిపే బీఆర్ఎం కారు నీళ్ల మీద తేలింది. స్తంభాన్ని గుద్దుకుని, ఒక రైతు ఇంటి పక్కన పల్లంలో పడింది.

ఆ కారు డొక్క అల్యూమినియం రేకు. డ్రైవరుకు రెండు పక్కలా ఉండేవి పెట్రోలు ట్యాంకులే. డొక్క నలిగిందంటే ట్యాంకు చిట్లి పెట్రోలంతా ఒంటి మీదికి వస్తుంది, స్టీరింగ్ వంగి కాలిని పట్టేస్తుంది. స్టీరింగ్ ఊడదీస్తే తప్ప మనిషి బయటికి రాడు. ఊడదీయాలంటే సరైన సైజు స్పేనర్ కావాలి. ట్రాక్ వార నిలబడి ప్రమాదమైతే ఆదుకునే మార్షల్ దగ్గర్లో లేడు, డాక్టరు లేడు. అదే చోట జారిపోయిన గ్రాహం హిల్, బాబ్ బాండురాంట్ అనే ఇద్దరు డ్రైవర్లు పరుగెత్తి వచ్చారు. రేసు చూడ్డానికి వచ్చిన ఒకాయన కారులోంచి టూల్‌కిట్ అడిగి తెచ్చి, స్టీరింగ్ విప్పి ఆయన్ని లాగారు. పెట్రోలు తగిలి ఒళ్లంతా మంట. ఎక్కించిన అంబులెన్సు ఆసుపత్రి దారి తప్పింది. ఆ 25 నిమిషాల్లో వైరు ఒక్కటి రాసుకుని రవ్వ లేచినా ఆయన కథ ముగిసేది.

తర్వాత రేసుల్లో ఆయన కారు స్టీరింగ్‌కు ఒక స్పేనర్ టేపుతో అంటించి ఉండేది. నేను హీరో అనేది ఆ టేపు అంటించిన మనిషిని. అక్కడితో ఆగలేదు. కరెంటు మొత్తం ఒక్కసారిగా ఆపే మెయిన్ స్విచ్, చేత్తో ఊడే స్టీరింగ్, సీటు బెల్టు, ముఖమంతా కప్పే హెల్మెట్, రోడ్డు వార ఇనుప కంచె, ట్రాక్ దగ్గర డాక్టరు, వీటిలో ప్రతిదానికీ పోట్లాడాడు. 1969లో స్పా రేసు జరగలేదు. 1970లో జర్మనీ రేసు నూర్బర్గ్‌రింగ్ ట్రాక్ నుంచి హాకెన్‌హైమ్ ట్రాక్‌కు మారింది. రెండూ భద్రత కోసం డ్రైవర్లు ఒక్క మాట మీద నిలబడబట్టే, అందులో ముందు వరస ఆయనదే. రేసులో మజా చంపేశాడని, పిరికివాడని తిట్టినవాళ్లు బోలెడు. అట్లాంటోళ్లకు 1968 నూర్బర్గ్‌రింగ్ చూపించాలి. పొగమంచులో, వానలో, విరిగిన మణికట్టుతో నడిపి, రెండోవాడి కంటే 4 నిమిషాలకు పైగా ముందు వచ్చాడు.

2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో గ్రోజాన్ అనే డ్రైవర్ కారు కంచెలో దూరి రెండు ముక్కలై మండిపోతే, ఆయన సుమారు 28 సెకన్లలో బయటికి వచ్చాడు. డ్రైవరు తల చుట్టూ ఉండే హాలో అనే లోహపు చట్రం 2018 నుంచి తప్పనిసరి. మొదటి చుట్టులో కార్ల వెనకే డాక్టరు కారు రావాలన్నది 1978లో ఇటలీలోని మోంజాలో పీటర్సన్ అనే డ్రైవర్ ప్రమాదం తర్వాత డాక్టర్ సిడ్ వాట్కిన్స్ పట్టుబట్టి తెచ్చిన పద్ధతి. బహ్రెయిన్‌లో ఆ డాక్టరు కారు క్షణాల్లో మంట దగ్గరికి చేరింది. 25 నిమిషాలు 28 సెకన్లయ్యాయి చూడండి.

సెన్నా అభిమానులు నొచ్చుకోవద్దు. ఆయన కూడా నాకు హీరోనే, అయితే 1992లో స్పాలో చేసిన పనికి. ప్రాక్టీసులో ఎరిక్ కోమాస్ అనే డ్రైవర్ కారు గుద్దుకుని స్పృహ తప్పాడు, కాలు యాక్సిలరేటర్ మీదే ఉండిపోయి ఇంజన్ గోల పెడుతోంది. సెన్నా తన కారు ఆపి పరుగెత్తి, ముందు ఇంజన్ ఆపేశాడు. డాక్టర్లు వచ్చేదాకా కోమాస్ తల కదలకుండా పట్టుకున్నాడు. ఈ వరస గుర్తుపెట్టుకోండి. రోడ్డు మీద బండి పడితే మనవాళ్లు ముందు మనిషిని చంకల్లో చేతులేసి లేపి, హెల్మెట్ పీకి, నీళ్లు తాగిస్తారు. మూడూ తప్పే. ముందు తాళం తిప్పి ఇంజన్ ఆపాలి, లేదా కుడి హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ నొక్కాలి. పడిన బండి నుంచి పెట్రోలు కారుతూనే ఉంటుంది, సైలెన్సర్ కాలుతూ ఉంటుంది. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ తీయకూడదు. ఆడకపోతే ఒకరు మెడా దవడా కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు పట్టీ విప్పి మెల్లగా లాగాలి. 108కి ఫోన్ చేసినప్పుడు దగ్గరున్న కిలోమీటరు రాయి అంకె చెప్పండి.

హెల్మెట్ మాటొచ్చింది కాబట్టి ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లౌడా సంగతి. 1976 ఆగస్టు 1న నూర్బర్గ్‌రింగ్‌లో ఆయన ఫెరారీ అంటుకున్నప్పుడు హెల్మెట్ తల మీంచి ఊడిపోయింది. ముఖం కాలింది, వేడి పొగ ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆరు వారాలకు మోంజాలో మళ్లీ కూర్చుని నాలుగో స్థానంలో వచ్చాడు. ఇక్కడ అలిపిరి రోడ్డు మీద చూస్తే పోలీసుల కోసం తలమీద ఊరికే బోర్లించిన టోపీ హెల్మెట్లు, వేలాడే పట్టీలు. చూస్తే కడుపు మండుతుంది. కొనేటప్పుడు కనుబొమల పైన టేపుతో తల చుట్టుకొలత తీసుకోండి. ఐఎస్ఐ గుర్తు, 4151 నంబరు చూడండి. పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్లు మాత్రమే దూరాలి. వెనక అంచు పట్టుకుని ముందుకు తోయండి. కళ్ల మీదికి దొర్లి వచ్చేస్తే ఆ సైజు మీది కాదు. ఒకసారి గట్టిగా గుద్దుకున్న హెల్మెట్ పైకి బాగున్నా పారేయండి. లోపలి థర్మోకోల్ ఒక్కసారే నలిగి కాపాడుతుంది, రెండోసారికి అందులో ఏమీ మిగలదు.

ఇంకొకటి, కొండ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపో, న్యూట్రల్లో పెట్టో బండి వదిలేవాళ్లు ఉంటారు, అది తప్పు. 1957లో ఫాంజియో అనే డ్రైవర్ డ్రమ్ము బ్రేకుల మజెరాటీతో 22.8 కిలోమీటర్ల నూర్బర్గ్‌రింగ్‌ను 22 చుట్లు తిప్పి గెలిచాడు. ఆ కాలంలో బ్రేకులు రేసు చివరిదాకా మిగలాలంటే గేరు దించి ఇంజన్‌తో కారును పట్టుకోవాల్సిందే. మీ బండిలో డిస్కు ఉన్నా సూత్రం అదే. పైకి ఏ గేరులో ఎక్కుతుందో అదే గేరులో దిగాలి, 100, 125 సీసీ బండ్లకు రెండో గేరో మూడో గేరో. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు దానంతట అదే ఆగుతుంది, న్యూట్రల్లో అయితే ఐడ్లింగ్‌కు కాలుతూనే ఉంటుంది. స్కూటర్లకు ఇంజన్ పట్టు తక్కువ, అందుకే బ్రేకు నొక్కి పట్టుకోకుండా నొక్కుతూ వదులుతూ దిగాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక 155కే మరగవచ్చు. మరిగితే బుడగలు పడి లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. అప్పుడు బండి పక్కన ఆపి 20 నిమిషాలు చల్లారనివ్వండి. కాలుతున్న డిస్కు మీద నీళ్లు పోస్తే వంకర పోవచ్చు. రెండేళ్లకొకసారి ఆయిల్ మార్పించండి.

మనవైపు హీరో కావాలంటే కోయంబత్తూరు నరైన్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడు. కళ్లారా రేసు చూడాలంటే పుత్తూరు, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పోండి. కార్లను ఎట్లాగూ చూస్తారు. మలుపుల దగ్గర మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, జెండా చేతిలో పట్టుకుని ఎండలో నిలబడే మార్షళ్లను కూడా కాసేపు చూడండి.