హాబ్స్, లాక్: ఒప్పందం ఒకటే, ముగింపులు వేరు ఎందుకు?

ఆంగ్ల తత్వవేత్తలు హాబ్స్, లాక్ ఇద్దరూ సామాజిక ఒప్పందమే (ప్రజల ఒప్పందం నుంచే ప్రభుత్వం పుట్టిందనే వాదం) చెప్పినా, తిరుగుబాటును హాబ్స్ కాదని, లాక్ ఔననడం ఎలా అన్నదే కదా మీ ప్రశ్న? ఒప్పందం రాజుకూ ప్రజలకూ మధ్య జరిగిందని అనుకోవడం వల్లే మీకు ఈ చిక్కు వచ్చినట్లుంది.

1. హాబ్స్ 'లెవయతాన్' (1651)లో ప్రజలు తమలో తామే ఒప్పందం చేసుకుంటారు. సార్వభౌముడు, అంటే సర్వాధికారం పొందే పాలకుడు, అందులో పక్షమే కాదు. చాలామంది గమనించకుండా దాటిపోయేది ఇక్కడే. మాట ఇవ్వనివాడు మాట తప్పాడని ఎలా అంటాం? అందుకే ప్రజలకు ఆయనను దించే హక్కు లేదు. ఒక్క ప్రాణరక్షణ హక్కును మాత్రం మనిషి వదులుకోడు. జవాబులో ఇది తప్పక రాయండి.

2. లాక్ దృష్టిలో అధికారం ప్రజలు నమ్మకంతో అప్పగించినది. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తులను కాపాడాల్సిన పాలకుడే వాటిపై దాడి చేస్తే, ఆ అధికారం తిరిగి ప్రజలకే చేరుతుంది. ప్రభుత్వంపై ఆయన రాసిన రెండవ గ్రంథంలో చివరి అధ్యాయం చూడండి.