ఆ నోట్లు మీ అమ్మాయికి చూపించండి

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం:

"మా ఆయనకి ఎరువుల కొట్టు ఉండేది. 2014 జూన్‌లో ఒకరోజు పొద్దున కొట్టుకని బయల్దేరి మళ్లీ రాలేదు. ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్లారు. పోలీసు కంప్లైంటు ఇచ్చాం, పేపర్లో వేయించాం, తిరుపతి, షిర్డీ, కాశీ అన్నీ వెతికించాం. పన్నెండేళ్లు నిండాయి. ఇప్పుడు మా అమ్మాయికి సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్లి. శుభలేఖలో ఆయన పేరు ముందు 'శ్రీ' వేయించాలా, 'కీ.శే.' వేయించాలా? పన్నెండేళ్లు దాటాయి కదా, కర్మ చేయించేద్దాం అంటాడు మా మరిది. నా కొడుకు బతికే ఉన్నాడని మా అత్తగారు రెండు రోజులు అన్నం మానేశారు. వీటి మధ్య మా అమ్మాయి, అసలు కార్డు మీద నాన్న పేరే వద్దంటోంది. అంత రాతిగుండె దానిది. ఆయన వెళ్లిన రోజు పొద్దున కూడా కాలేజీ ఫీజు గురించి ఆయనతో గొడవపడింది. అప్పట్నుంచీ దాని తీరే అంత. ఏదీ అడగదు, ఏదీ చెప్పదు. పెళ్లి చీర చూడమంటే 'ఏదైనా పర్లేదు' అంటుంది. ఆయన వెళ్లిన వారానికి నలుగురు అప్పులవాళ్లు ఆయన రాసిచ్చిన ప్రామిసరీ నోట్లు పట్టుకుని వచ్చారు. మొత్తం 11 లక్షలు. అరెకరం అమ్మి తీర్చాను. ఆ సంగతి పిల్లకి తెలియదు. నాన్నని వెతకడానికే పొలం అమ్మామని చెప్పాను. ఆయన పరువు పోకూడదు కదా."

అమ్మా,

శుభలేఖ మీద 'శ్రీ' అనే వేయించండి. కీర్తిశేషులు అనడానికి మీ దగ్గర ఏ ఆధారమూ లేదు. కర్మ మాట పెళ్లయ్యేదాకా ఎవర్నీ ఎత్తనివ్వకండి, ఎత్తారంటే బంధువులు ఏటిసూతకం లెక్కలు తీస్తారు. మోదుగ ఆకులతో మనిషి ఆకారం చేసి దహనం చేసే పద్ధతి మనకి ఎప్పట్నుంచో ఉంది, అది ఎక్కడికీ పోదు. మీ అత్తగారు ఉన్నన్నాళ్లూ చేయకపోయినా నాకేమీ తప్పనిపించదు. కొడుకు కోసం ఎదురుచూసే హక్కు ఆవిడది. కన్యాదానానికి మీ మరిదీ తోడికోడలూ పీటల మీద కూర్చుంటారు, మన ఇళ్లలో ఇది కొత్త కాదు. మీరు అడిగినవాటికి జవాబు ఇంతే.

ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒక్కచోటే ఆగిపోయాను. "ఆయన వెళ్లిన రోజు పొద్దున కూడా కాలేజీ ఫీజు గురించి ఆయనతో గొడవపడింది." ఈ మాట మీరు నాకు రాశారు. మీ అమ్మాయితో ఏనాడూ అనలేదని కూడా నమ్ముతున్నాను. కానీ అనకపోవడం వల్ల ఆ పిల్లకి తెలియకుండా పోయిందనుకుంటున్నారా?

లెక్క చూడండి. అప్పటికి అమ్మాయికి పదిహేనేళ్లు ఉంటాయి. పదో తరగతి అయ్యింది, స్నేహితులంతా విజయవాడ హాస్టల్ కాలేజీల్లో చేరుతున్నారు, తనకీ వెళ్లాలని ఉంది. నాన్న కుదరదన్నాడు. ఆ వయసులో పిల్లలు అనే మాటలే ఏవో అని ఉంటుంది. నాన్న చెప్పులేసుకుని వెళ్లాడు, సాయంత్రానికి రాలేదు, మర్నాటికీ రాలేదు. ఆ తర్వాత మీ అమ్మాయి ఎవర్నీ ఏదీ అడగలేదు. మీరు దాన్ని రాతిగుండె అంటున్నారు. నాకైతే జీవితంలో గట్టిగా ఒక్కటంటే ఒక్కటి అడిగి, అడిగినందుకు ఇంట్లో మనిషే పోయాడని నమ్మిన పిల్ల కనిపిస్తోంది. పన్నెండేళ్ల తర్వాత చీరల కొట్టులో "ఏదైనా పర్లేదు" అంటున్నది ఆ పదిహేనేళ్ల పిల్లే.

దాని మీద మీరు ఇంకొకటి పెట్టారు, తెలియకుండానే. పొలం నాన్నని వెతకడానికి అమ్మామన్నారు. అంటే తన నోటి దురుసుతనం వల్ల నాన్నే కాదు, అరెకరం భూమి కూడా పోయిందని ఆ పిల్ల లెక్క.

నిజం మీ పెట్టెలో ఉంది. వారం తిరక్కుండానే నలుగురు నోట్లు పట్టుకొచ్చారని మీరే రాశారు. పదకొండు లక్షలు ఆ ఒక్క పొద్దున చేసిన అప్పు కాదు. రైతులకి అరువిచ్చిన ఎరువుల డబ్బు పంట చేతికొస్తేగానీ రాదు, పైనుంచి డీలరు ఆగడు, ఈలోగా నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ. ఆ కొట్టు కౌంటరు దగ్గర కూర్చుని మీవారు ఎన్ని నెలలు లోలోపల నలిగి ఉంటారో. ఆయన ఎందుకు వెళ్లారో, ఎక్కడికి వెళ్లారో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. కానీ ఆ తూకంలో ఒకవైపు పదకొండు లక్షలుంటే, రెండోవైపు పదిహేనేళ్ల పిల్ల కాలేజీ ఫీజు కోసం చేసిన పేచీ ఉంది. ఇన్నేళ్లూ మీ అమ్మాయికి ఆ రెండో పళ్లెం ఒక్కటే కనబడింది. మొదటిది మీరు దాచిపెట్టారు.

ఆయన పరువు కోసం దాచానన్నారు. నేను మొహమాటం లేకుండా రాస్తాను, కోపం తెచ్చుకోకండి. భర్త పరువు కాపాడటం భార్య ధర్మమే, కాదనను. కానీ ఇంట్లో లేని మనిషి పరువుకి ఇంట్లో ఉన్న పిల్ల మనశ్శాంతితో వెల కట్టే హక్కు ఏ భార్యకీ లేదు. మీవారు తిరిగొచ్చి ఈ ఉత్తరం చదివితే మొదట ఏమడుగుతారో ఆలోచించండి. "నా అప్పులు పిల్లకి ఎందుకు చెప్పావు" అంటారా, "నా వల్లే నాన్న వెళ్లిపోయాడని పిల్ల అనుకుంటుంటే చూస్తూ ఊరుకున్నావా" అంటారా?

కనిపించకుండా పోయినవాళ్ల ఇళ్లలో దుఃఖానికి ఒక ప్రత్యేకమైన తీరు ఉంటుంది. 2016 జులై 22న మద్రాసు తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులోని 29 మందిలో ఎనిమిది మంది మన విశాఖపట్నం ఎన్ఏడీ (నౌకాదళ ఆయుధ డిపో) ఉద్యోగులు. వాళ్ల ఫోన్లకి రింగవుతోందని ఆ ఇళ్లవాళ్లు చెప్పిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఓడలు, విమానాలు పెట్టి వెతికారు. రెండు నెలలు తిరక్కుండానే అందరూ చనిపోయినట్టు భావిస్తున్నామని కుటుంబాలకి తెలియజేశారు. ఆ శకలాలు 3,400 మీటర్ల లోతున ఉన్నాయని తేలేసరికి 2024 జనవరి వచ్చింది. ఏడున్నరేళ్లు. అమెరికాలో పౌలీన్ బాస్ అనే ఆవిడ 1970లలో, వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన పైలట్ల కుటుంబాలతో మాట్లాడి, దీన్ని తేలని నష్టం అన్నారు. ఏడ్చి ఊరుకోవడానికి లేదు, ఎదురుచూపు మానడానికీ లేదు. "బతికే ఉన్నాడేమో, లేడేమో" రెండూ ఒకేసారి మనసులో పెట్టుకుని బతకడం తప్పు కాదని ఆవిడ ఆ కుటుంబాలకి చెప్పేవారు. మీ అత్తగారి అన్నం అలకా, మీ మరిది తొందరా రెండూ అక్కడివే.

అయితే విమానం పోతే వాతావరణాన్నో యంత్రాన్నో తిట్టుకోవచ్చు. మనిషి తనంతట తాను గడప దాటితే నెపం ఇంట్లోవాళ్ల మీదే వాలుతుంది. ఎవరూ వేయనక్కర్లేదు, ఎవరికి వాళ్లే వేసుకుంటారు. మా మేనమామ నా చిన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్లి మళ్లీ కనబడలేదు. వెళ్లే ముందు మా అమ్మని పది రూపాయలు అడిగాడట, లేవందట. చేటలో బియ్యం అడుగున ఉన్నాయట, అయినా లేవందట. ఆ మాట అమ్మ మాకు చెప్పింది అరవయ్యేళ్లు దాటాక. అన్నేళ్లలో "నీ వల్ల కాదే" అని ఆవిడతో అన్నవాళ్లు ఒక్కరూ లేరు, ఎందుకంటే ఆవిడ అలా అనుకుంటోందనే ఎవరికీ తెలియదు. మీకు తెలిసింది. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

కాబట్టి శుభలేఖ పని పక్కన పెట్టండి. అత్తగారు పడుకున్నాక ఒకరోజు అమ్మాయిని కూర్చోబెట్టుకోండి. నోట్లు తీర్చాక వెనక్కి ఇచ్చి ఉంటారు కదా, అవి తీయండి. తేదీలు చూపించండి, ఏ నోటు ఎప్పుడు రాశారో పిల్లే చదువుకుంటుంది. "ఆ రోజుకి ముందే నాన్న అప్పుల్లో ఉన్నారు. నీ ఫీజు కట్టలేకపోయింది అందుకే. నీకు ఎప్పుడో చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాది" అనండి. పొలం ఎందుకు అమ్మారో చెప్పండి. "నీ తప్పు లేదు" అని మాత్రం ఉత్తినే అనకండి, కాగితం లేకుండా ఆ మాట ఓదార్పుగానే వినబడుతుంది. ఓదార్పు ఆ పిల్ల నమ్మదు.

గుర్తు తెలియని మృతదేహం దొరికిందని పోలీసులు పిలిస్తే మార్చురీకి వెళ్లారా ఎప్పుడైనా? మీరు రాయలేదు, కానీ మ్యాన్ మిస్సింగ్ కేసు పెట్టిన ఇళ్లకి ఆ ఫోను ఏదో ఒకరోజు వస్తూనే ఉంటుంది. చొక్కా కాలర్ మీద దర్జీ పేరు ఏముందమ్మా అని అడుగుతారు. వెళ్లి ఉంటే, చుట్టాలింటికని చెప్పి వెళ్లి ఉంటారు. అదీ చెప్పండి. తల్లి ఎవరెవరి శవాలో చూసొచ్చి మర్నాడు క్యారేజీ కట్టిందని ఇరవయ్యేడేళ్ల కూతురికి తెలియాలి.

వినగానే అమ్మాయి మిమ్మల్ని వాటేసుకుంటుందని అనుకోకండి. మొదట కోపమే వస్తుంది, "పన్నెండేళ్లు ఎందుకు చెప్పలేదు" అని. రానివ్వండి. మీ మీద అరిచిందంటే మళ్లీ అడగడం మొదలుపెట్టిందన్నమాట. మాట్లాడటం మరీ కష్టంగా ఉంటే, నిద్ర పట్టకపోతే, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయమనండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

కొట్టు గది ఇంకా ఆయన పేరు మీదే ఉంటే, దానికి దారి వేరు. ఏడేళ్లు జాడ లేని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చన్నది పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 111. దానంతటది జరగదు, సివిల్ కోర్టులో డిక్లరేషన్ తెచ్చుకోవాలి, మ్యాన్ మిస్సింగ్ ఎఫ్ఐఆర్ కాపీ జాగ్రత్తగా పెట్టుకోండి. ఎల్ఐసీ పాలసీ ఏదైనా ఉండి, ఆయన వెళ్లాక ప్రీమియం ఆపేసి ఉంటే ముందే ఆశ పెట్టుకోకండి. కోర్టు మరణాన్ని భావిస్తుందే గానీ ఫలానా రోజున చనిపోయాడని భావించదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పాలసీ అమల్లో ఉండగానే చనిపోయారని రుజువు చేయాల్సింది మీరే. ఇదంతా పెళ్లయ్యాక, మంచి వకీలుని చూసుకుని.

కార్డు మీద నాన్న పేరు వద్దన్నది కదా అమ్మాయి. నోట్లు చూశాక ఇంకోసారి అడగండి. అప్పుడు కూడా వద్దంటే ఆ పిల్ల ఇష్టం, ఒత్తిడి చేయకండి. వేయించమంటే ఎలా వేయించాలో కూడా తననే చెప్పనివ్వండి. ప్రెస్సువాడికి ఓ వారం ఆగమని ఇవాళే ఫోన్ చేయండి.