లాగ్ ఫైలులో 1 నుంచి 9వ తేదీ వరకు కట్ కమాండ్ సమయాన్ని ఎందుకు చూపదు?

లినక్స్ వంటి సిస్టమ్‌లలో జరిగినవాటిని లాగ్ ఫైలులో వరుసలుగా రాసే సంప్రదాయ సిస్‌లాగ్ పద్ధతిలో ఒంటి అంకె తేదీకి ముందు ఒక ఖాళీ అదనంగా చేరుతుంది, వరుసను గడులుగా విడదీసి అడిగిన గడిని చూపేది, ఖాళీని విభజన గుర్తుగా ఇస్తే ప్రతి ఖాళీనీ ఒక విభజనగా లెక్కించేది అయిన కట్ కమాండ్‌కు అక్కడ ఒక శూన్యమైన గడి ఎదురై, సమయం మూడో గడి నుంచి నాలుగో గడికి జరుగుతుంది. నెల, తేదీ, సమయం కలిసి ఎప్పుడూ 15 అక్షరాలే ఉండేందుకు ఆ ఖాళీని ఉద్దేశపూర్వకంగానే ఉంచుతారు.

హనుమకొండలోని ఒక కళాశాల ల్యాబ్ సర్వర్‌లో మార్చి 17న 09:15:02కు ఒక వరుస నమోదైందనుకుందాం. ఖాళీని విభజన గుర్తుగా ఇచ్చి మూడో గడి అడిగితే కట్ 09:15:02 అనే చూపుతుంది, అదే వరుస మార్చి 7న నమోదై ఉంటే మాత్రం 7 అని చూపుతుంది. ఆక్ (awk) అనే మరో కమాండ్ పక్కపక్కనే ఉన్న ఖాళీలన్నింటినీ ఒకే విభజనగా తీసుకుంటుంది కనుక దానిలో మూడో గడి రెండు రోజుల్లోనూ సమయమే అవుతుంది. కట్‌నే వాడదలచినవారు గడులను వదిలేసి, మొదటి 15 అక్షరాలను అడగడం మేలు.

ఫైలు చెడిపోయిందనో, సర్వర్ సమయాన్ని నమోదు చేయలేదనో చాలామంది పొరబడతారు. నెల మధ్యలో పరీక్షించిన స్క్రిప్టు 1వ తేదీన తప్పుతుంది కాబట్టి ఆ అనుమానం సహజమే. కొత్త లినక్స్ విడుదలలు కొన్నింటిలో 2024-03-07 తరహాలో తేదీ సున్నాతో వస్తుంది, అక్కడ ఈ చిక్కు లేదు.