కిటికీ అద్దాలపై తెల్లచారలు

ప్రశ్న: మా ఇల్లు కొత్తపట్నంలో, సముద్రానికి దగ్గర. బోరు నీళ్లతో కిటికీ అద్దాలు ఎంత తుడిచినా ఆరగానే తెల్లచారలు తేలుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: సముద్రపు గాలి తెచ్చే ఉప్పు ఒకటి, బోరు నీళ్లలోని సున్నం ఇంకొకటి. నీళ్లు ఆరిపోయినా ఇవి అద్దం మీదే మిగులుతాయి. పొడిగుడ్డతో మొదలుపెట్టకండి, ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు మగ్గుతో నీళ్లు పోసి కడిగేయండి. తర్వాత లీటరు ఆర్వో నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ 2, 3 చుక్కలు, అంతే. నురగ ఎక్కువైతే అదీ చారే అవుతుంది. మెత్తటి గుడ్డతో రుద్ది, అది ఆరకముందే రబ్బరు వైపర్‌ను పైనుంచి కిందికి ఒకే ఊపున లాగండి. లాగిన ప్రతిసారీ రబ్బరు అంచు తుడవాలి. చాలామంది వదిలేసేది ఇదే, చారలు పడేదీ ఇక్కడే! అంచుల తడి పాత నూలుగుడ్డతో అద్దండి.

ఎండ తగిలే వేళ వద్దు, వేడి అద్దం మీద నీళ్లు తుడిచేలోపే ఆరిపోతాయి.

పాత తెల్లమచ్చలకు వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, గుడ్డ తడిపి 5 నిమిషాలు అంటించి ఉంచి, కడిగేయండి. కిటికీ కింద పాలరాయి ఉంటే దానిమీద చుక్క కూడా పడనివ్వకండి, మెరుపు పోతుంది.